ఓరుగల్లు పెంటకుప్పలో పంక్తి భోజనాలు

ఓరుగల్లు కోట చూడవచ్చినవారు నాలుగు రాతి తోరణాలూ చూస్తారు. ఖుష్‌మహలు చూస్తారు. ఏకశిల గుట్ట ఎక్కి నాలుగు దిక్కులా కలయజూసి, దిగి వెళ్ళిపోతారు. పిల్లలూ, ఈసారి మీరు కోటకు వెళ్ళినప్పుడు మరొకటి కూడా చూసి రండి. దానికి టిక్కెట్టు లేదు. దాని పక్కన చరిత్ర రాసిన పలక కూడా ఉండదు. అది పెంటకుప్ప!

నవ్వకండి. ఈ కోటను గణపతిదేవుడు కట్టించ మొదలుపెట్టగా ఆయన కూతురు రుద్రమదేవి పూర్తి చేసిందని చెబుతారు. అంటే అది పదమూడో శతాబ్దపు మాట. లోపల రాతికోట, దాని చుట్టూ కందకం, అవతల మట్టికోట. 1323లో కాకతీయుల రాజ్యం పోయింది. ఏనుగులు పోయాయి, గుర్రాలు పోయాయి. కాని ఆ గోడల నడుమ ఈనాటికీ ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి, కూరగాయల మడులున్నాయి. రాజులు పోయినా నేల మాత్రం పండుతూనే ఉంది.

పంట కోసుకున్న ప్రతిసారీ మనం నేలలోని సారం కొంత తీసుకున్నట్టే. తీసుకున్నది తిరిగి ఇవ్వకపోతే ఎంత మంచి నేల అయినా ఎన్నాళ్ళని ఇస్తుంది? ఆ బాకీ తీర్చే చోటు పెంటకుప్ప. కొన్ని ప్రాంతాలవారు పెంట అనగానే ముక్కు మూసుకుంటారు. మా వరంగల్లు వైపు రైతుకు పెంట అంటే ఎరువు. వేసవిలో, తొలకరికి ముందు, పెంటను బండ్లకెత్తి చేనికి తోలుతారు. ఆ బండి వెళ్ళిన బాట చూసి, ఎవరి చేను బాగా పండబోతుందో పెద్దవాళ్ళు ముందే చెప్పేవారు.

ఆ కుప్పలో రోజూ వేసేది ఏమిటి? పశువుల పేడ, అవి తినగా మిగిలిన గడ్డి, పొయ్యిలోని బూడిద, వాకిలి ఊడ్చిన ఆకు అలము, కూరగాయల తొక్కలు. ఒకదానితో ఒకదానికి పోలికే లేదు. కాని కొన్ని నెలలు గడిచాక తవ్వి చూస్తే అవేవీ కనిపించవు. నల్లగా, పొడి పొడిగా, వానపడ్డ నేల వాసన వేసే మట్టి వంటిది కనిపిస్తుంది. ఈ మార్పు ఎవరు చేశారు?

చలికాలం పొద్దున్నే వెళ్ళి, కుప్పలో పార దించి కొంచెం పెకలించండి. లోపలి నుంచి తెల్లగా ఆవిరి లేస్తుంది. పొయ్యి లేదు, నిప్పు లేదు. మరి వేడి ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే కుప్ప రహస్యమంతా తెలిసినట్టే. అందుచేత మనం ఇప్పుడు కుప్పలోకే ప్రయాణం చేద్దాం.

పెళ్ళిలో భోజనాలు పంక్తులు పంక్తులుగా జరుగుతాయి కదా? ఒక పంక్తి లేచాక ఇంకొక పంక్తి కూర్చుంటుంది. పెంటకుప్పలోనూ అంతే. అయితే ఇక్కడ ఒక చిత్రం ఉంది. మొదటి పంక్తివారు వదిలినదే రెండో పంక్తివారికి విందు. రెండో పంక్తివారు వదిలినది మూడో పంక్తివారికి. ఆఖరి పంక్తి లేచేసరికి విస్తళ్ళు కూడా మిగలవు!

మొదటి పంక్తిలో కూర్చునేవి బాక్టీరియాలు. ఇవి కంటికి కనిపించవు. సారవంతమైన మట్టి ఒక్క గ్రాము తీసుకుంటే, అంటే చిటికెడు తీసుకుంటే, అందులో కోట్ల కొద్దీ ఉంటాయి. వీటికి నోరు లేదు. తమ ఒంటి నుంచి ఒక రసం వదులుతాయి. ఆ రసం తొక్కలోని చక్కెరనూ పిండి పదార్థాన్నీ కరిగిస్తుంది. కరిగినదాన్ని అవి పీల్చుకుంటాయి. మనం తిన్నాక అరిగించుకుంటాం. బాక్టీరియా బయటనే అరిగించి, ఆ తరవాత తింటుంది.

తిండి, తడి, గాలి సరిపడా దొరికితే కొన్ని రకాల బాక్టీరియాలు ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలిపోతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిది. గంటకు మూడుసార్లు చొప్పున పది గంటల్లో ముప్పైసార్లు. మీరు పలక తీసుకుని లెక్క కట్టండి. ఒక్క బాక్టీరియా పది గంటల్లో 107 కోట్లు దాటుతుంది! అసలు కుప్పలో అన్నిటికీ తిండి దొరకదు కనక, లెక్క అంతదాకా పోదు. కాని ఒక్క రాత్రిలో కుప్ప ఎందుకు వేడెక్కుతుందో ఈ లెక్కతో మీకు అర్థమవుతుంది.

మనం తిన్న అన్నం మన ఒంట్లో ప్రాణవాయువుతో కలిసి, మంట లేకుండా మెల్లగా కాలి వేడినిస్తుంది. అందుకే మన ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. కోట్ల కోట్ల బాక్టీరియాలు ఒకేచోట తింటూ ఉంటే ఆ వేడంతా పోగవుతుంది. చుట్టూ ఉన్న గడ్డీ గాదమూ దుప్పటి కప్పినట్టు ఆ వేడిని బయటికి పోనివ్వవు. అందుకే కుప్ప మరీ చిన్నదిగా ఉంటే వేడెక్కదు. మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు అయినా ఉండాలి.

వేడి 45 డిగ్రీల సెంటీగ్రేడు దాటేసరికి మొదటి పంక్తివారిలో చాలామంది తట్టుకోలేరు. కొన్ని చస్తాయి, కొన్ని గట్టి పెంకు వంటి పొర కప్పుకుని నిద్రపోతాయి. అప్పుడు రెండో పంక్తి కూర్చుంటుంది. వీరు వేడిని కోరేవారు. 55, 60, ఒక్కొక్కప్పుడు 65 డిగ్రీల వేడిలోనూ హాయిగా తింటూ ఉంటారు. ఇంత వేడి కొద్ది రోజులు నిలిస్తే కుప్పలోని కలుపు విత్తనాలు మొలకెత్తే శక్తిని పోగొట్టుకుంటాయి. రోగాలు తెచ్చే క్రిములు నశిస్తాయి. బాగా మాగిన ఎరువు వేసిన చేనులో కలుపు తక్కువ, పచ్చి పెంట వేసిన చేనులో ఎక్కువ అని రైతులు అనడానికి కారణం ఇదే.

చక్కెరలూ పిండీ అయిపోయాయి. కుప్ప చల్లబడసాగింది. ఇక మిగిలినవి గట్టి పదార్థాలు: గడ్డి పోచలు, ఆకుల ఈనెలు, పత్తి కట్టె ముక్కలు. వీటిని కొరకడానికి మూడో పంక్తి వస్తుంది. ఇవి బూజు జాతివి, అంటే శిలీంధ్రాలు. దారాలవలె సాగి కట్టెలోకి చొచ్చుకుపోతాయి. వీటితోపాటే బూడిద చల్లినట్టు తెల్లగా, సన్నని దారాలతో మరొక జాతి కనిపిస్తుంది. వాటి పేరు ఆక్టినోమైసీట్లు. ఇవి నిజానికి బాక్టీరియాలే. కాని చూడడానికి బూజులా ఉంటాయి. తొలకరి చినుకు పడగానే నేల నుంచి కమ్మని వాసన వస్తుంది కదా, దానికి ముఖ్య కారణం ఇవి తయారుచేసే పదార్థమే. కుప్ప మాగిందనడానికి కూడా ఆ వాసనే గుర్తు.

ఈ బూడిద రంగు దారాల సంగతి ఇంకొకటి చెప్పాలి. ఇవి తమ పక్కన పెరిగే ఇతర సూక్ష్మజీవులను ఆపే పదార్థాలను తయారుచేస్తాయి. ఆ సంగతి గ్రహించి శాస్త్రజ్ఞులు వీటి నుంచి మందులు తీశారు. క్షయ రోగాన్ని లొంగదీసిన స్ట్రెప్టోమైసిన్ 1943లో ఇలాగే దొరికింది. మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడు, అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అనే మందును కనిపెట్టాడు. అది కూడా ఈ జాతి జీవి ఇచ్చినదే. ఆ జీవి దొరికిన మట్టి ఎక్కడిదో తెలుసా? మిస్సోరీ విశ్వవిద్యాలయంలో 1888 నుంచి పంటల మార్పిడి మీదా ఎరువుల మీదా ప్రయోగాలు జరుగుతూ వచ్చిన ఒక పాత చేనిది! మట్టిని చులకన చేసేవారికి ఈ కథ చెప్పండి.

ఇక నాలుగో పంక్తి. వీరిని చూడడానికి భూతద్దం చాలు; కొందరికి అదీ అక్కరలేదు. తెల్లగా గెంతే చిన్న చిన్న పురుగులు, నల్లులంత నలుసులు, రోకలిబండలు, జెర్రులు, పేడపురుగులు. వీటిలో కొన్ని చెత్తను కొరికి తునకలు చేస్తాయి. తునకలైన కొద్దీ బాక్టీరియాలకు తినే చోటు పెరుగుతుంది. మీ అమ్మ పప్పు ఉడకడానికి ముందు రుబ్బితే తొందరగా ఉడుకుతుంది కదా, అలాగన్నమాట. జెర్రి మాత్రం చెత్త తినదు. చెత్త తినేవారిని తింటుంది. విందులో దొంగ కూడా ఉండాలిగా!

అందరికన్నా ఆఖరున వచ్చే పెద్దమనిషి వానపాము. చేపలు పట్టే పిల్లలు దీన్ని ఎర్ర అంటారు. కుప్ప వేడిగా ఉన్నప్పుడు లోపలికి వస్తే చచ్చిపోతుంది. కనక చల్లబడ్డాకే వస్తుంది. దీనికి పళ్ళు లేవు. కోడి కడుపులో రాళ్ళుంటాయే, అలాగే ఇది మింగిన ఇసుక రేణువులు దాని కడుపులో తిరగలి పని చేస్తాయి. ఒక కొన నుంచి చెత్తా మట్టీ వెళ్ళి, రెండో కొన నుంచి చిన్న చిన్న గుళికలుగా మెత్తని ఎరువు వస్తుంది. డార్విన్ మహాశయుడు ముసలితనంలో, 1881లో, వానపాముల మీద ఒక పుస్తకమే రాశాడు. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వానపాముల కడుపుల గుండా వచ్చి నేల మీద చేరుతుందని ఆయన లెక్క కట్టాడు. పది టన్నులంటే ఒక పెద్ద లారీ నిండా మట్టి!

కుప్పలో జరిగేది మనిషి నేర్పినది కాదు. దానికి సాక్ష్యం కావాలంటే వరంగల్లు నుంచి నర్సంపేట దారిన పాకాల వెళ్ళండి. పాకాల చెరువు కూడా గణపతిదేవుని కాలం నాటిదే. చుట్టూ అడవి. ఎండాకాలంలో ఆ అడవిలో నడిస్తే కాలి కింద టేకాకులు, మోదుగాకులు, తునికాకులు గలగలమంటాయి. ఏటేటా ఇంత ఆకు రాలుతుంది. ఎవరూ ఊడవరు. మరి ఏళ్ళ తరబడి రాలిన ఆకు మోకాటి లోతు ఎందుకు పేరుకోలేదు?

పై ఆకును తీసి చూడండి. కింద మెత్తదనమంతా పోయి ఈనెలు మాత్రం మిగిలిన, జాలి వంటి ఆకు ఉంటుంది. దాని కింద తునకలు. ఇంకా కింద నల్లని మట్టి. నాలుగు అంగుళాల లోతులో నాలుగు పంక్తులూ కనిపిస్తాయి. మన అడవుల్లో చెదలు కూడా ఈ పనిలో పెద్ద పాలు పంచుకుంటాయి. కొన్ని జాతుల చెదలు మనకు మల్లేనే సేద్యం చేస్తాయి! తిన్న ఆకునూ కట్టెనూ పుట్టలోపల మడుల వలె పేర్చి, వాటి మీద బూజును పెంచి, ఆ పంటను తింటాయి.

అడవిలో రాలిన ఆకు అడవిలోనే మట్టి అవుతుంది. దాన్ని చెట్టే తిరిగి తీసుకుంటుంది. బాకీ లేదు. ఊళ్ళో కూడా చాలాకాలం అంతే జరిగింది. చేనిలో పండినది ఊళ్ళో తిన్నారు; మిగిలినది పెంటకుప్పకు, కుప్పలోనిది చేనికి. చెరువు అడుగున, గాలి అందని చోట, ఆకులూ నాచూ నెమ్మదిగా కుళ్ళి ఏర్పడ్డ ఒండ్రుమట్టిని కూడా ఎండాకాలంలో తవ్వి చేలకు తోలుకున్నారు. 2015లో కాకతీయుల పేరు పెట్టి తెలంగాణలో చెరువుల పూడిక తీయించే పని మొదలుపెట్టినప్పుడు, ఆ మట్టి మళ్ళీ ట్రాక్టర్ల మీద పొలాలకు వెళ్ళింది.

కాని నగరం పెరిగింది. ఇప్పుడు లెక్క చూడండి. ఎనుమాముల మార్కెట్టుకు పత్తి, మిరప, మొక్కజొన్న చుట్టుపక్కల పల్లెల నుంచి వస్తాయి. కూరగాయల బజారుకు రోజూ లారీల మీద ఆకుకూరలూ కాయలూ వస్తాయి. అంటే పల్లెల నేల సారం రోజూ నగరానికి ప్రయాణం చేస్తోంది. తిరుగు ప్రయాణం ఏదీ? మన నగరాల్లో ఇళ్ళ నుంచి వచ్చే చెత్తలో సుమారు సగం తడి చెత్తే. అది చేనికి పోవాలి. అలా పోకుండా ప్లాస్టిక్ సంచులతో, గాజుపెంకులతో, పాత బాటరీలతో కలిసి మడికొండ దగ్గర రాంపూరు చెత్తగుట్టకు పోయింది. ఏళ్ళ తరబడి పోయింది.

కుప్పకూ ఆ గుట్టకూ తేడా ఏమిటి? రెండూ కుళ్ళేవే కదా అని మీరు అడగవచ్చు. తేడా గాలిలో ఉంది. కుప్పను తిరగేస్తాం, గాలి ఆడుతుంది. గాలి ఉన్నచోట తినే బాక్టీరియాలు బొగ్గుపులుసు గాలినీ, నీటి ఆవిరినీ, వేడినీ వదులుతాయి. తొక్కిపెట్టిన గుట్ట లోపల ప్రాణవాయువు అయిపోతుంది. అప్పుడు గాలి అక్కరలేని వేరే బాక్టీరియాలు పంక్తిలో కూర్చుంటాయి. అవి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే వాయువును, మీథేను అనే మండే వాయువును వదులుతాయి. గోబర్ గ్యాసు పొయ్యిలో మండేది ఈ మీథేనే. తొట్టిలో మూసి పట్టుకుంటే అది వంట చేసి పెడుతుంది. గుట్టలో వదిలేస్తే గుట్టకు నిప్పంటుకున్నప్పుడు మంట ఆరనివ్వదు. ఆకాశంలోకి పోతే భూమిని బొగ్గుపులుసు గాలికన్న ఎన్నో రెట్లు ఎక్కువగా వేడెక్కిస్తుంది. ఇక వానాకాలంలో గుట్టలోంచి దిగే నల్లని నీరు భూమిలోకి ఇంకి, బావుల నీటిని పాడుచేస్తుంది. పొగ పీల్చేదీ ఆ నీరు తోడుకునేదీ గుట్ట పక్కన ఉండేవారే. ఆ చెత్త వేసినవారు కారు. ఇటీవలి సంవత్సరాల్లో ఆ పాత చెత్తను తవ్వి, జల్లెడ పట్టి, మట్టిని వేరుగా ప్లాస్టిక్కును వేరుగా తీసే పని చేపట్టారు. కలపడానికి ఒక నిమిషం చాలు. విడదీయడానికి ఎన్ని యంత్రాలు, ఎన్ని నెలలు!

ఈ సంగతి వరంగల్లుకు తెలియకపోలేదు. 2012 అక్టోబరులో ఇక్కడ వారం రోజులపాటు శుభ్రతలో పోటీ జరిగింది. దాన్ని ‘క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్’ అన్నారు. ఇతర పట్టణాల పురపాలక సిబ్బంది జట్లుగా వచ్చి, నగరంలో ఇల్లిల్లూ తిరిగి తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా తీసుకున్నారు. తడి చెత్త ఎరువుకు, పొడి చెత్త తిరిగి వాడడానికి. ఆటల్లో పోటీలు విన్నాం గాని చెత్తలో పోటీ ఏమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. తరవాత 2016లో దేశమంతటికీ వచ్చిన నియమాలు కూడా చెత్తను ఇంట్లోనే వేరుచేయాలన్నాయి. అయితే పోటీ వారం రోజులే. ఆ పని మాత్రం ప్రతి పొద్దునా ప్రతి ఇంటా జరగవలసినది.

చెత్తను ఎరువు చేసే పద్ధతిని శాస్త్రంగా కూర్చినవారు మన దేశంలోనే పని చేశారు. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రజ్ఞుడు 1924 నుంచి 1931 వరకు ఇండోరులో ఉండి, మన రైతుల పద్ధతులను గమనించి, యశ్వంత్ వాడ్‌తో కలిసి కుప్పను పొరలు పొరలుగా వేసి తిరగేసే విధానాన్ని రూపొందించాడు. దానికి ఇండోరు పద్ధతి అనే పేరు వచ్చింది. పట్టణాల చెత్తను కందకాల్లో పూడ్చి ఎరువు చేసే బెంగుళూరు పద్ధతిని 1939లో ఆచార్య అనే భారతీయ శాస్త్రజ్ఞుడు రూపొందించాడు.

ఇండోరు కుప్పలో పొరలు ఎందుకు? ఇది వంటింటి లెక్కే. బాక్టీరియాలకు కర్బనం అన్నం వంటిది, నత్రజని పప్పు వంటిది. ఒక పాలు నత్రజనికి ముప్పై పాళ్ళు కర్బనం ఉంటే వాటికి భోజనం సరిగ్గా కుదురుతుంది. ఇందులో సుమారు ఇరవై పాళ్ళు కాల్చుకుని బలం తెచ్చుకుంటాయి, పది పాళ్ళతో ఒళ్ళు కట్టుకుంటాయి. ఎండుగడ్డిలో ఒకటికి ఎనభై పాళ్ళ దాకా కర్బనం ఉంటుంది. ఉత్త అన్నం! గడ్డి కుప్ప ఒక్కటే వేస్తే ఏడాదికీ మాగదు. పచ్చి కూరగాయల తొక్కల్లో ఒకటికి పదిహేను, ఇరవై పాళ్ళే ఉంటుంది. పప్పు ఎక్కువ. తొక్కలు ఒక్కటే వేస్తే మిగిలిన నత్రజని ఘాటు వాసనతో గాలిలోకి పోతుంది. రెండూ కలిపితే సరి. మన పెద్దలకు ఈ అంకెలు తెలియవు. కాని పేడతో గడ్డినీ, గడ్డితో బూడిదనూ కలిపి వేసేవారు.

ఇంతకూ ఎరువు వల్ల నేలకు ఏమిటి లాభం? ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలు మాత్రమే. టన్ను ఎరువులో ఐదు కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు ఇరవై కిలోలుంటుంది. అంటే ఒక్క బస్తాకు నాలుగు టన్నుల ఎరువు సమానం! మరి బస్తానే మేలు కదా? ఒక్క నత్రజని లెక్కే చూస్తే మేలే. కాని యూరియా మొక్కకు పెట్టే భోజనం. ఎరువు నేలకు పెట్టే భోజనం. మాగిన ఎరువు మట్టి రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది, వాన నీటిని తడిగుడ్డలా నిలుపుకుంటుంది, భాస్వరమూ పొటాషూ ఇతర లవణాలూ కొద్దికొద్దిగా ఇస్తూ ఉంటుంది. వరంగల్లు చుట్టూ ఎర్రని చల్క నేలలు ఎక్కువ. వాటిలో నీరు నిలవదు. వాన పది రోజులు మొహం చాటేస్తే పైరు వాడిపోతుంది. సేంద్రియ కర్బనం నూటికి అర పాలుకన్న తక్కువ ఉన్న నేలను పేద నేలగా భూసార పరీక్షలో లెక్కిస్తారు. అలాంటి నేలకు బస్తా ఒక్కటే పెడితే ఆకలి తీరదు. ఇప్పుడు ఎడ్ల బదులు ట్రాక్టర్లు వచ్చాయి. పేడ తగ్గింది. అందుకే నగరంలో పారేసే ప్రతి తొక్కా పల్లెకు అవసరమైన వస్తువే.

1997–98లో వరంగల్లు జిల్లా పత్తి రైతులకు గొప్ప కష్టం వచ్చింది. పురుగు చెలరేగింది. మందు మీద మందు కొట్టారు. అప్పులు పెరిగాయి, పంట పోయింది. ఎన్నో కుటుంబాలు ఇంటి పెద్దను పోగొట్టుకున్నాయి. ఆ రోజులు చూసినవారు మరిచిపోలేరు. అదే జిల్లాలో ఏనెబావి అని ఒక చిన్న ఊరుంది. 2016లో జిల్లాలు విడదీశాక జనగామ జిల్లాలోకి వచ్చింది. యాభై పైచిలుకు కుటుంబాలు, సుమారు 280 ఎకరాలు. ఆ ఊరివారు ఏళ్ళ తరబడి పురుగుమందులు తగ్గించుకుంటూ వచ్చి, 2006లో ఊరు ఊరంతా రసాయన ఎరువులు గాని, పురుగుమందులు గాని వాడబోమని ప్రకటించారు. పశువుల ఎరువు, చెరువు మట్టి, వానపాముల ఎరువు, పచ్చిరొట్ట, వేప కషాయం, ఇవే వారి ఆయుధాలు. వరి, పత్తి, కూరగాయలు పండించారు. చూడడానికి ఎక్కడెక్కడి నుంచో రైతులు వచ్చారు. ఒక్క రైతు చేస్తే చాదస్తం అంటారు. ఊరంతా చేస్తే అది పాఠం అవుతుంది.

ఇక మీ వంతు. మీ ఇంటి వెనక గాని, బడి తోటలో గాని మీటరు లోతు గుంట ఒకటి పెద్దల సాయంతో తవ్వండి. చోటు లేనివారు చిల్లులు పొడిచిన పెద్ద కుండ తీసుకోండి. కుండ వేడెక్కదు గాని చెత్త మాగుతుంది. అడుగున ఎండు పుల్లలు పరచండి, గాలి ఆడుతుంది. దాని మీద జానెడు ఎండాకు, బెత్తెడు తొక్కలు, పైన పలచగా పేడనీళ్ళు, గుప్పెడు పాత ఎరువు. పాత ఎరువు పాలలో తోడు వంటిది. ఇలా పొరలు వేస్తూ పోండి. గుప్పెడు తీసి పిండి చూడండి: చెయ్యి తడవాలి, నీళ్ళు ధారగా కారకూడదు. పది పదిహేను రోజులకొకసారి తిరగెయ్యండి. మాంసం, నూనె, పాలు, ప్లాస్టిక్ వెయ్యవద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

నేను పని చేసిన ఒక బళ్ళో పిల్లలు గుంటలో వేపాకు, నూలు గుడ్డ పీలిక, చాక్లెట్టు కాగితం ఒక్కొక్క దారానికి కట్టి పూడ్చి, నెలకొకసారి పైకి లాగి చూసేవారు. మొదట వేపాకు కనిపించకుండా పోయింది. తరవాత గుడ్డ పోయింది. చాక్లెట్టు కాగితం మాత్రం వేసిన రోజు రంగుతోనే పైకి వచ్చింది. “దీన్ని ఏ పంక్తివారూ ముట్టరా, సార్?” అని ఒక అమ్మాయి అడిగింది. ప్లాస్టిక్ వచ్చి వందేళ్ళు దాటింది. ఆకు వచ్చి కోట్ల ఏళ్ళు. ఆకును తినడం సూక్ష్మజీవులు ఎన్నడో నేర్చుకున్నాయి. ప్లాస్టిక్‌ను తినడం కొన్ని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాయి. కాని మనం పారేసే వేగాన్ని అవి అందుకోలేవు. అందుకే దాన్ని ఆ విందులో వడ్డించకూడదు.

గుంట మొదలుపెట్టడానికి దసరా మంచి రోజులు. బతుకమ్మ పేర్చగా మిగిలిన గునుగు కాడలు, తంగేడు ఆకు, బంతి రెమ్మలు ప్రతి వాకిట్లోనూ రాశిగా ఉంటాయి. తంగేడు ఆకును పొలానికి ఎరువుగా వేయడం మన రైతులకు పాత అలవాటే. ఆ కాడలన్నీ గుంటలో వెయ్యండి. జాగ్రత్తగా తిరగేస్తూ ఉంటే సంక్రాంతికల్లా గుంట సగానికి దిగిపోతుంది. నల్లని ఎరువు చేతికి వస్తుంది. దాన్ని ఒక పాదులో వేసి, ఎరువు వెయ్యని పాదు పక్కన ఉంచి, రెండింటిలోనూ బంతి విత్తనాలు చల్లండి. రోజూ కొలిచి నోటు పుస్తకంలో రాయండి. ఏ పాదులో మొక్క ముందు పూసిందో నేను చెప్పను. మీ పుస్తకమే చెబుతుంది.